ముప్పై ఒకటో భాగం

క్రిస్టీనా రాస్తున్న నవలలో తన పళ్ళు కనబడిన రోజు హెలెన్ అన్నం తినలేదు.

పళ్ళంటే మామూలు పళ్ళు కావు, పొదిలి చుట్టుపక్కల ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళు. పదేళ్ళు నిండేసరికి పసుపుకు తిరిగి, మధ్యలో గోధుమరంగు చారలు దిగుతాయి. పేస్టుతో తోమితే పోవు, బొగ్గుతో రుద్దినా పోవు. ఊళ్ళో సగంమందికి అవే పళ్ళు కాబట్టి చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇంటర్‌లో చేరి, గంటకో ఫోటో తీసుకునే ఆడపిల్లల మధ్య పడ్డాక హెలెన్‌కి తన నోట్లో ఏముందో తెలిసొచ్చింది. అప్పట్నుంచి నవ్వొస్తే చాలు, చున్నీ అంచు నోటికి అడ్డం పోతుంది.

క్రిస్టీనా పళ్ళు తెల్లగా ఉంటాయి. వాళ్ళ నాన్న ఎలీషా మాస్టారు ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా పెదకాకానిలో లెక్కలు చెప్పారు. అక్కడి నీళ్ళతో పళ్ళు మొలిపించుకుని, ఆ తర్వాత తీరిగ్గా సొంత ఊరు వచ్చింది మహాతల్లి. ఇందులో క్రిస్టీనా గొప్పతనం ఏమీ లేదు, హెలెన్ తప్పూ లేదు. అయినా హెలెన్ ఆ పళ్ళను క్షమించలేదు, ఆ పిల్ల వచ్చిన ఈ ఎనిమిదేళ్ళలో దేన్నీ క్షమించలేదు.

అలాగని ఇద్దరూ శత్రువులు కారు. ఒకే సండేస్కూలు, ఒకే బస్సు, ఒకే కాలేజీ, ఒకే బెంచీ. మందిరంలో పాటలు పాడే గుంపులో కూడా ఇద్దరూ ఉన్నారు. కాకపోతే క్రిస్టీనా మొదటి వరసలో ఉంటుంది, హెలెన్ రెండో వరసలో. మైకు మొదటి వరసకే ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు “మాస్టారి అమ్మాయి, కొండమ్మ కూతురు” అని ఇద్దర్నీ కలిపే అంటారు. ఎప్పుడూ ఆ వరసలోనే అంటారు.

ఫోన్లో కథలు రాసుకునే, చదువుకునే యాప్ ఒకటుంది. క్రిస్టీనా అందులో ఏడు నెలలుగా ‘కిన్నెర’ అనే పేరుతో ఒక నవల రాస్తోంది. నవల పేరు ‘రెండో వరస’. వారానికో భాగం. పధ్నాలుగు వేలమంది చదువుతున్నారు. ఈ సంగతి ఈ భూమ్మీద హెలెన్‌కి ఒక్కదానికే తెలుసు. కూతురు ఆన్‌లైన్లో లెక్కలు నేర్చుకుంటోందని మాస్టారు అనుకుంటారు. అప్పుడప్పుడూ తలుపు దగ్గర నిలబడి ఆ దృశ్యం చూసి సంతోషిస్తారు కూడా.

నవలలో అమ్మాయి పేరు గ్రేసు. నల్లగా, సన్నగా ఉంటుంది. తల్లి మిరప చేలో కూలికి పోతుంది. ఇంతవరకూ హెలెన్ ఓర్చుకుంది, అలాంటి పిల్లలు ఈ జిల్లాలో వేలమంది ఉంటారు. నాలుగో భాగంలో మాత్రం ఇలా ఉంది: “గ్రేసుకు నవ్వు రాక కాదు. నవ్వును దాచడానికి ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలి. అందుకే ఆ పిల్ల రెండు చేతులూ పెట్టి ఏ పనీ చెయ్యదు.” దాని కింద చారల పళ్ళ గురించి ఒక పేరా.

హెలెన్ తన చేతులు చూసుకుంది. ఎడమచేతిలో ఫోను ఉంది, కుడిచెయ్యి ఒళ్ళో ఖాళీగా పడి ఉంది. తన గురించి తనకే తెలియని ముక్క క్రిస్టీనా పట్టేసింది. అబద్ధం రాసి ఉంటే పోయి జుట్టు పట్టుకోవచ్చు. నిజం రాస్తే ఏం చేస్తాం? ఆ కింద వందలకొద్దీ కామెంట్లు. “పాపం గ్రేసు, ఏడుపొచ్చేసింది కిన్నెర గారూ.” “ఎంత బాగా రాశారండీ, మీ చేతులకు మొక్కాలి.” పళ్ళు తనవి, ఏడుపు తనది, మొక్కులు మాత్రం ఆ చేతులకు.

మర్నాడు బస్సులో క్రిస్టీనా అడిగింది. “ఎలా ఉందే?”

“బాగుంది. గ్రేసంటే ఎవరు?”

“ఎవరూ కాదే, ఊరికే ఊహించా” అంది క్రిస్టీనా, తెల్లటి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

అక్కణ్ణుంచి ఇరవై ఆరు వారాలు హెలెన్ ఒక్క భాగం కూడా వదలకుండా చదివింది. చదివిన ప్రతిసారీ కుళ్ళింది. ఇష్టంలేని కూర అయినా గిన్నె ఖాళీ చేసి లేచినట్టు ఆఖరి కామెంటు దాకా చదివి మరీ కుళ్ళింది. ముప్పయ్యో భాగంలో గ్రేసు కాలేజీ వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి, మైకు పట్టుకుని, వెయ్యిమంది ముందు నోరారా నవ్వేసింది. “గ్రేసు తనను తాను కనుక్కుంది” అన్నది ఆ భాగంలో ఆఖరి వాక్యం. పాఠకులు పండగ చేసుకున్నారు. ఇక్కడ అసలు గ్రేసు ఆ పూటకు పిన్నీసు ఎక్కడ పెట్టిందో కనుక్కోలేక చిరిగిన చున్నీతో కాలేజీకి వెళ్ళింది.

అంతటితో పోయినా బాగుండేది. ఆ బుధవారం మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తెరుస్తూ క్రిస్టీనా ఎంతో ప్రేమగా, తల కూడా ఒక పక్కకు వంచి, “నువ్వు కూడా గ్రేసులా ఉండొచ్చు కదే?” అంది.

నన్ను చూసి బొమ్మ గీసి, ఇప్పుడు ఆ బొమ్మను చూసి నేర్చుకోమంటుందా! హెలెన్‌కి ఒళ్ళు తెలియలేదు. ఆ సాయంత్రమే చీటీ రాసింది.

చీటీ సంగతి చెప్పాలి. మందిరం గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరి బాధ వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరమ్మ గారు ఒక్కొక్కటే తీసి పైకి చదువుతారు. మా ఆయన తాగుడు మానాలి, మా గేదె చూడి నిలవాలి, చేలో వేసిన బోరులో నీళ్ళు పడాలి. చదివిన ప్రతిదానికీ ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తారు. పేరు రాయక్కర్లేదు. తన కోసమే రాయాలని కూడా లేదు, పక్కింటివాళ్ళ కోసం రాయొచ్చు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలుసుకోవడానికి ఆ పేటలో దీన్ని మించిన పేపరు లేదు. పైగా రాసినవాళ్ళను చాడీలు చెప్పారని అనడానికి వీల్లేదు. ప్రార్థన చెయ్యమన్నారు, అంతే.

హెలెన్ తన రాత తెలియకుండా పెద్దపెద్ద అక్షరాలతో ఇలా రాసింది: “మన సంఘంలో ఒక మాస్టారి అమ్మాయి కోసం ప్రార్థించండి. ముక్కూ మొహం తెలియని వేలమంది ఫోన్లో ఆ బిడ్డకు మాటలు పంపుతున్నారు. ఇంట్లో తెలియదు. తప్పిపోకుండా దేవుడు కాపాడాలి.” రాసి రెండుసార్లు చదువుకుంది. ఒక్క అబద్ధం లేదు. పధ్నాలుగు వేలమంది పాఠకులు ముక్కూ మొహం తెలియనివాళ్ళే కదా! సంఘం మొత్తానికి మాస్టారి అమ్మాయి ఒక్కతే అన్న సంగతి కూడా నిజమే. గురువారం పొద్దున బస్సుకు వెళ్తూ చీటీ పెట్టెలో పడేసింది.

పాస్టరమ్మ గారు దాన్ని చదివి క్రిస్టీనాను పిలిపించి నాలుగు చీవాట్లు పెడతారు, నవల ఆగిపోతుంది. హెలెన్ అనుకున్నది అంతవరకే. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించే ఓపిక కుళ్ళుకునేవాళ్ళకు ఎక్కడుంటుంది!

శుక్రవారం కాలేజీకి సెలవు. తల్లి కొండమ్మ పక్కన చాప మీద కూర్చుని హెలెన్ తన చీటీ కోసం ఎదురుచూసింది. ఆరోది అదే. పాస్టరమ్మ గారు సగం చదివి ఆగారు, గొంతు తగ్గించి మిగతాది పూర్తి చేశారు. అప్పటికే తలలన్నీ మాస్టారి భార్య వైపు తిరిగాయి. ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. దాంతో ఆడవాళ్ళ గుండెలు కరిగిపోయాయి. నలభైమంది చేతులెత్తి క్రిస్టీనా కోసం మొరపెట్టారు. “ప్రభువా, ఆ పసిబిడ్డను నీ రెక్కల కింద దాచయ్యా” అని అందరికన్నా గట్టిగా అరిచింది కొండమ్మ. ఆవిడ చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

హెలెన్ తల్లి మొహం వంక చూస్తూ ఉండిపోయింది. తన కోసం అమ్మ ఎప్పుడైనా ఇలా ఏడ్చిందా? టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇంత గట్టిగా ప్రార్థించలేదే! చీటీ రాసింది తను, చెడ్డపేరు తెచ్చిపెట్టింది తను, ఆ చెడ్డపేరు కూడా చివరికి క్రిస్టీనాకే కలిసొచ్చింది. నలభైమంది తల్లులు ఒక్క పూటలో దానికి తల్లులైపోయారు. అంత పాడుపని చేసి కూడా, ఆ నిమిషంలో హెలెన్‌కి కలిగింది అసూయే.

సాయంత్రానికల్లా ఊరు ఊరంతా తెలిసిపోయింది. ఎలీషా మాస్టారు ఫోను లాక్కుని తెరిచారు. “మీ కోసం ఎదురుచూస్తున్నాం.” “మీరు లేకుండా వారం గడవదు.” “ఎప్పుడొస్తుంది, త్వరగా.” ఇవీ ఆయనకు కనబడినవి. అవి కథకు వచ్చిన కామెంట్లని క్రిస్టీనా మొత్తుకుంది. “కథలే చెప్తున్నావు, వింటున్నాగా” అన్నారాయన. లెక్కల మాస్టారు కదా, చీటీ ఒక పక్క, ఫోను ఒక పక్క సరిపోయాయి, ఇంక మూడో మాట అక్కర్లేకపోయింది. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు కూతుర్ని వినుకొండలో అమ్మమ్మ దగ్గర దింపేస్తామన్నారు. ఇంటర్ పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. పరువుంటే పరీక్షలు వచ్చే ఏడైనా రాసుకోవచ్చని ఆయన వాదన.

శనివారం పొద్దున హెలెన్ అంకమ్మరావు గారి మిరపకల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఎండిన ఎర్రకాయల్లోంచి తెల్లబారి పుచ్చిన కాయల్ని వేరుచేసే పని అది. సెలవురోజుల్లో తల్లితో పాటు వెళ్తుంది. ఆ రోజు కొండమ్మ చేలో కోతకు పోయింది, ఫోను కూతురి దగ్గరే ఉంది. క్రిస్టీనా అడ్డదారిన పరిగెత్తుకుంటూ వచ్చింది. చీటీ రాసింది తనేనని పసిగట్టిందేమోనని హెలెన్ తల వంచుకుని గబగబా కాయలు ఏరసాగింది.

“నా నవల సంగతి ఆ చీటీ రాసినవాళ్ళకు ఎలా తెలిసిందే? నువ్వు తప్ప ఎవరికీ తెలీదు కదా?” అంటూ పక్కనే కూలబడింది క్రిస్టీనా. హెలెన్ జవాబు వెతుక్కునేలోపే తనే మళ్ళీ అంది. “మన బస్సులో పిల్లలే ఎవరో ఫోన్లోకి తొంగిచూసుంటారు. నువ్వెందుకు చెప్తావులే, పిచ్చిదాన్ని.”

మాట్లాడుతూ మాట్లాడుతూ తనకు తెలియకుండానే కాయలు ఏరడం మొదలుపెట్టింది, ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. కల్లంలో ఎప్పుడూ కూర్చోని మనిషి. క్షణంలో కళ్ళు మూసుకుపోయి కేకలు పెట్టింది. హెలెన్ రెక్క పట్టుకుని తొట్టి దగ్గరకు లాక్కుపోయి, కళ్ళమీద నీళ్ళు కొట్టి కొట్టి, తన అన్నం క్యారేజీలో ఉన్న మజ్జిగతో కూడా కడిగింది. “రుద్దుకోకే, చస్తావు. గాలికి ఆరనియ్యి” అని చెంపలు పట్టుకుని ఉఫ్‌మని ఊదింది. కళ్ళు మూసుకుని, నమ్మకంగా మొహం తన చేతుల్లో పెట్టిన ఆ పిల్లను చూస్తే హెలెన్‌కి ప్రేమా కలిగింది, గొంతు నులమాలనీ అనిపించింది.

కాస్త తేరుకున్నాక క్రిస్టీనా ఓణీ కింద దాచిన నోటుపుస్తకం తీసింది. “ఇందులో ఆఖరి భాగం ఉంది. ముప్పై ఒకటి. ఇవ్వాళ పెడతానని మాటిచ్చాను. నువ్వు టైపు చేసి పెట్టేసెయ్యి, పాస్‌వర్డు వెనక అట్ట మీద ఉంది. రేపు నేను వెళ్ళిపోతాను. కథైనా పూర్తవ్వాలి కదే.” ఇంకేం అడగలేదు. ఎర్రటి కళ్ళతో వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

హెలెన్ కల్లం పక్క పాకలో కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. ఆఖరి భాగంలో గ్రేసుకు అందరూ చప్పట్లు కొట్టారు. గ్రేసు స్నేహితురాలు పరిగెత్తుకొచ్చి కౌగిలించుకుని, “నీలాంటి స్నేహితురాలు ఉన్నందుకు గర్వంగా ఉంది” అంది. గ్రేసు ఆకాశం వైపు చూసి నవ్వింది. సమాప్తం.

“ఛీ” అంది హెలెన్, పైకే.

ఇదా గ్రేసు? ఇన్ని భాగాలపాటు మొదటి వరసను వెనకనుంచి చూస్తూ పాటలు పాడిన పిల్ల, ఆకాశం చూసి నవ్వేస్తుందా? వీపులు చూసీ చూసీ ఎవరి జడ ఎంత లావుందో కూడా కంఠతా వచ్చిన పిల్ల! గ్రేసు లోపల ఏముందో ఈ పెదకాకాని పిల్లకు ఏం తెలుసు? పళ్ళు చూసి రాసింది, చేతులు చూసి రాసింది, లోపలికి మాత్రం ఒక్కసారి కూడా దిగలేదు. కడుపుమంట రాయకుండా గ్రేసును రాసేశాననుకుంది. నాకొదిలెయ్, నేను చెప్తాను అనుకుంది హెలెన్.

నోటుపుస్తకం పక్కన పెట్టి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఆగలేదు, వెనక్కి చూసుకోలేదు. చేతి వేళ్ళకున్న మిరపఘాటుకు దగ్గొస్తున్నా, పగిలిన తెర మీద ఒత్తులు సరిగ్గా పడకపోయినా రాసుకుంటూ పోయింది.

“గ్రేసు మారలేదు” అని మొదలుపెట్టింది. “స్టేజీ దిగాక మళ్ళీ రెండో వరసకే వచ్చింది. స్నేహితురాలి మీద కుళ్ళు ఆపుకోలేక, ఆమె కోసం ప్రార్థించండని ఒక చీటీ రాసి పెట్టెలో వేసింది. అందులో అన్నీ నిజాలే రాసింది. నిజాలతో చేసిన దొంగపని అది. ఆడవాళ్ళందరూ స్నేహితురాలి కోసం ఏడుస్తుంటే, ఆ ఏడుపు కూడా తనకు దక్కలేదే అని గ్రేసు ఏడ్చింది. తనెవరో కనుక్కోవాలని ఇన్నాళ్ళూ వెతుక్కుంది. కనుక్కుంది. తను ఆ చీటీ రాసిన మనిషి.” అలా ఇంకో నాలుగు పేజీలు. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు లేచే వేళకు నొక్కేసింది, భాగం లోకానికి వెళ్ళిపోయింది.

గంటలో మూడొందల కామెంట్లు. పొద్దు వాలేసరికి తొమ్మిదొందలు. హెలెన్ కాయలు ఏరడం మానేసి ఒక్కొక్కటీ చదివింది. “కిన్నెర గారూ, ముప్పై భాగాలు ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.” “ఇన్నాళ్ళూ గ్రేసును చూసి జాలిపడ్డాను, ఇవ్వాళ భయపడ్డాను. ఆ పిల్ల నేనే.” ఒకావిడ ఇలా రాసింది: “నేను మా తోడికోడలికి ఇదే చేశాను. పదకొండేళ్ళయింది. ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఆమె లేదు.”

హెలెన్ గాల్లో తేలిపోయింది. కల్లం అంతా ఒకసారి తిరిగొచ్చింది. తొమ్మిదొందలు! క్రిస్టీనాకు ఏ భాగానికీ మూడొందలు దాటలేదు. ఇంకోసారి మొదట్నుంచి చదువుదామని తెరిచినప్పుడు మాత్రం ఒక సంగతి కళ్ళబడింది. కిన్నెర గారూ, కిన్నెర గారూ, కిన్నెర గారూ. తొమ్మిదొందల చోట్ల అదే పేరు. తన కడుపు చించి బయట పెట్టిన ఒకే ఒక్క మంచి ముక్క కూడా పోయి పోయి క్రిస్టీనా ఒళ్ళో పడింది.

ఆ సాయంత్రం హెలెన్‌కి రెండు దారులే కనబడ్డాయి. నోరు మూసుకుంటే క్రిస్టీనా వినుకొండ పోతుంది, తను దొరకదు. అప్పుడు ఆ భాగం ఎప్పటికీ కిన్నెరదే. అది నేను రాశానని చెప్పాలంటే చీటీ కూడా నేనే రాశానని చెప్పాలి, రెండూ ఒకే కథ కాబట్టి. మంచిపిల్లలైతే స్నేహితురాలి చదువు తలుచుకుని నిజం ఒప్పుకుంటారు. హెలెన్ కూడా తలుచుకుంది, ఎర్రబడ్డ ఆ కళ్ళు గుర్తొచ్చి అన్నం సయించలేదు, పదకొండేళ్ళు దాచుకున్న ఆ తోడికోడలి మాటా వదల్లేదు. కానీ తనను లోపల్నుంచి ఎక్కువ పొడిచింది ఏదంటే, ఆ భాగం. అది నాది.

ఆదివారం మందిరం నిండిపోయింది. మాస్టారి కుటుంబం ముందు వరసలో కూర్చుంది, వాళ్ళ సంచులు అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాయి. వాక్య ప్రసంగం అయ్యాక పాస్టరు గారు ఎప్పటిలాగే, “సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉంటే లేవండి” అన్నారు. ఒక ముసలమ్మ లేచి తన మోకాళ్ళ నొప్పులు తగ్గాయని చెప్పి కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. హెలెన్ లేచింది.

“అందరికీ వందనాలండి. శుక్రవారం మాస్టారి అమ్మాయి గురించి చదివిన చీటీ... అది నేను రాశానండి.”

కొండమ్మ చెయ్యి పట్టి కిందకు గుంజింది. “ఏం కూస్తున్నావే? కూర్చో ముందు!”

హెలెన్ చెయ్యి విడిపించుకుంది. పాస్టరమ్మ గారు సర్దిచెప్పడానికి చూశారు. “పర్లేదు తల్లీ, స్నేహితురాలి మీద ప్రేమతో రాసుంటావు.”

“కాదమ్మగారండి. కుళ్ళుతో రాశాను.”

ఎలీషా మాస్టారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. “మరి ఫోన్లో ఆ మాటలేంటమ్మా? నేను కళ్ళారా చూశాను.”

“వాళ్ళంతా చదివేవాళ్ళు మాస్టారూ. క్రిస్టీనా నవల రాస్తోంది. పధ్నాలుగు వేలమంది చదువుతున్నారు. ఎక్కువమంది ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళే. ఎదురుచూస్తున్నామంటే కథ కోసం. అది తప్పేం చెయ్యలేదండి. దాని నవలలో పిల్లకు నా పళ్ళు పెట్టింది, నా బతుకు పెట్టింది. అందరూ దాన్ని మెచ్చుకుంటున్నారు. నాకు ఓర్వబుద్ధి కాలేదు. దాని పరీక్షలు పోతాయని నేననుకోలేదు. అనుకోలేదు అనడం కూడా అబద్ధమే, ఆలోచించలేదు.”

అక్కడితో కూర్చోవచ్చు. చెప్పాల్సింది అయిపోయింది, క్రిస్టీనాకు కావాల్సిందీ అంతే. కానీ హెలెన్ నిలబడే ఉంది.

“నిన్న వచ్చిన ముప్పై ఒకటో భాగం కూడా నేనే రాశానండి” అంది.

ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ మందిరంలో ఒక్కరు తప్ప ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు కూడా లేరు. ఆ ఒక్క తల మాత్రం ముందు వరసలోంచి గిరుక్కున వెనక్కి తిరిగింది.

పాస్టరు గారు ప్రార్థన చేసి ముగించేశారు, ఇంకేం వినాల్సి వస్తుందోనని కాబోలు. కొండమ్మ కూతురి వైపు చూడకుండా పోయి మాస్టారి భార్య చేతులు పట్టుకుని ఏడ్చింది. ఎలీషా మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “రెండింటి బస్సు వద్దులే. సంచులు ఇంట్లో పెట్టండి” అన్నారు భార్యతో. హెలెన్‌ను దాటుకుని బయటికి వెళ్ళిపోయారు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

క్రిస్టీనా బయట కుళాయి దగ్గర నిలబడి ఉంది. హెలెన్ దగ్గరకు వెళ్ళి ఆగింది. చెంప పగులుతుందనుకుని సిద్ధపడింది.

“ఫోనివ్వు” అంది క్రిస్టీనా.

ఇచ్చింది. క్రిస్టీనా ఎండలోనే నిలబడి ఆ భాగం చదివింది. చదువుతుంటే మొదట దవడ బిగుసుకుంది. తర్వాత చీటీ దగ్గరికొచ్చినట్టుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ పైకి జరిపి రెండోసారి చదివింది. ఆ తర్వాత కామెంట్లలోకి పోయింది. అక్కడ చాలాసేపు ఉంది.

“ఎన్నిసార్లు కొట్టేసి రాశావు?” అంది తలెత్తకుండానే.

“కొట్టెయ్యలేదు.”

“ఒక్కసారికే వచ్చిందా?”

“ఆఁ.”

“నాకు ఒక్కో భాగానికి ఆరు రోజులు పట్టేది” అంది క్రిస్టీనా. ఫోను ఇవ్వబోయి, ఇవ్వకుండా మళ్ళీ ఒకసారి తెర వైపు చూసింది. “నీతో ఇంక మాట్లాడను. బస్సులో నా పక్కన కూర్చోకు. చచ్చినా కూర్చోకు.”

“సరే.”

ఫోను హెలెన్ చేతిలో పెట్టి నాలుగడుగులు వేసింది. ఆగి, వెనక్కి తిరిగి, “పాస్‌వర్డు మార్చేస్తాను. నా నవల జోలికి ఇంకోసారి వస్తే చేతులు విరిచేస్తాను” అంది.

ఆ మాటలో ఉన్నది కోపం ఒక్కటే కాదు. ఆ రెండోదాన్ని హెలెన్ వెంటనే పోల్చుకుంది. ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి, పోల్చుకోదా మరి! ఇంకొకరి మొహంలో, అందులోనూ క్రిస్టీనా మొహంలో, తనను చూసి అది పుడుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. స్నేహితురాలు దూరమైనందుకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే ఒళ్ళంతా సంతోషంతో వేడెక్కింది. ఆ సంతోషానికి సిగ్గుపడుతూ కుళాయి దగ్గరే నిలబడి, క్రిస్టీనా మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసింది.